సౌరకుటుంబం ప్రాజెక్టుకు థర్మాకోల్ బంతులు వద్దు, పాత చీర తీయండి

ఐదో తరగతి చదివే మీ పాపను వారంలో సౌరకుటుంబం మోడల్ చేసి తెమ్మన్నారని, షాపులో కిట్ కొనివ్వకుండా తనే చేసి నేర్చుకునే పని ఏదైనా చెప్పమని అడిగారు. నెల్లూరులో మా ఇంటి దగ్గర సాయంత్రాలు పిలకాయలకు లెక్కలు, సైన్సు చెబుతుంటాను. ఈ ప్రాజెక్టు చాలాసార్లు చేయించాను కాబట్టి రాస్తున్నాను.

మొదట్లో నేనూ థర్మాకోల్ బంతులే తెప్పించాను. రెండు రోజులు కూర్చుని రంగులేశారు, అట్ట మీద వరసగా గుచ్చారు. అంతా అయ్యాక ఒక పిల్లవాడు, "మిస్, భూమికీ శుక్రుడికీ మధ్య బెత్తెడే ఉందే, గుద్దుకోవా?" అన్నాడు. గుద్దుకోవని చెప్పాను. కానీ వాడి కళ్లముందున్న అట్ట ఇంకోలా చెబుతోంది. సూర్యుడు క్రికెట్ బంతంత, గురుడు దానికి కాస్త తక్కువ, అన్నీ పక్కపక్కనే. నిజానికి సూర్యుడి అడ్డుకొలతలో భూములు 109 పడతాయి. పిల్లలు చూసింది గుర్తుపెట్టుకుంటారు, మనం నోటితో చెప్పింది కాదు. ఆ రోజే ఆ అట్ట పక్కన పెట్టేశాను.

స్కూల్లో ఇవ్వడానికి పాత చీర ఒకటి తీయండి. మామూలు చీర ఐదున్నర మీటర్లు ఉంటుంది, ఈ పనికి సరిగ్గా సరిపోతుంది. ఒక చివర ఆవగింజ అతికించండి, అది సూర్యుడు. అక్కడి నుంచి టేపుతో కొలిచి బొట్టుబిళ్లలు అంటించమనండి. బుధుడు 6 సెంటీమీటర్లు, శుక్రుడు 11, భూమి 15, అంగారకుడు 23. తర్వాత గురుడు 78, శని 143, యురేనస్ 287, నెప్ట్యూన్ 450. బొట్టుబిళ్ల ఆ గ్రహం ఉండే చోటుకు గుర్తు మాత్రమే, సైజు కాదని పాపకు ముందే చెప్పండి. సెంటీమీటరుకు కోటి కిలోమీటర్ల ఈ కొలతలో గురుడు కూడా మిల్లీమీటరులో ఏడో వంతే, కంటికి ఆనడు. మొదటి నాలుగు గ్రహాలూ జానెడు లోపలే అయిపోతాయి. మా పిల్లలు అక్కడ ఆగి, "మిగతా చీరంతా ఖాళీయేనా?" అని అడుగుతారు. ఆ ప్రశ్న మీ పాప నోటి నుంచి వచ్చేదాకా మీరేమీ చెప్పకండి.

చీర దూరాలను చూపిస్తుంది. సైజులూ దూరాలూ రెండూ ఒకే కొలతలో కావాలంటే గది చాలదు, మిద్దె చాలదు. అందుకే వేసవి సెలవుల్లో పిల్లల్ని వాళ్ల అమ్మానాన్నలతో కలిపి మైపాడు బీచికి తీసుకెళ్తాను. ఒక సెంటీమీటరంటే లక్ష కిలోమీటర్లు అనుకుంటాం. సూర్యుడు 14 సెంటీమీటర్ల తాటికాయ, పసుపు కాగితం చుట్టి ఉంటుంది. ముంజల కాలంలో వెతుక్కోనక్కర్లేదు. భూమి, శుక్రుడు చెరో ఆవగింజ. అంగారకుడు గసగసం, బుధుడు రవ్వపలుకు. గురుడు గోళీ, శని నానబెట్టిన కాబూలీ శనగ, యురేనస్, నెప్ట్యూన్ మిరియాలు. ఒక్కోటీ తెల్ల అట్టముక్కకు అతికించి కర్రపుల్లకు కట్టాలి. ఊరికే పట్టుకెళ్తే ఇసకలో పడిపోతాయి, ఒకసారి మా భూమి అలాగే పోయింది.

15 మీటర్ల తాడు ఒకటి చాలు. ఒక తాడు దూరంలో భూమి. గురుడికి ఐదు తాళ్ల పైచిలుకు, శనికి తొమ్మిదిన్నర, యురేనస్‌కు పంతొమ్మిది, నెప్ట్యూన్‌కు ముప్ఫై. అంటే 450 మీటర్లు. శని దాటాక పిల్లలకు కాళ్లు లాగుతాయి, "ఇంకా ఎంత దూరం మిస్?" అంటారు. లాగనివ్వండి. ఆ దూరం కాళ్లకు తెలియాలి. మిరియాన్ని గుచ్చి వెనక్కి తిరిగి చూస్తే తాటికాయ చిన్న చుక్క. పెద్దవాళ్లలో ఒకరు ఎప్పుడూ పిల్లలకూ నీళ్లకూ మధ్య నడవాలి, తడి ఇసకలోకి ఎవరినీ పోనివ్వకండి.

ఇదే కొలతలో వెలుతురు వేగం సెకనుకు 3 సెంటీమీటర్లు, అంటే చీమ నడక. స్కేలు పట్టుకుని సెకను సెకనుకూ అంతే జరుగుతూ తాటికాయ నుంచి ఆవగింజ దాకా ఒకరిని రమ్మంటాను, మిగతావాళ్లు గడియారం చూస్తారు. 8 నిమిషాల 20 సెకన్లు పడుతుంది. పుస్తకంలో బట్టీ పట్టిన అంకె అదేనని ఎవరో ఒకరు కేకేస్తారు.

మన వైపు పిల్లలకు ఇంకో అదృష్టం ఉంది. శ్రీహరికోట నుంచి రాకెట్ లేస్తే మిద్దెల మీద నిలబడి చూస్తాం. చంద్రయాన్-3 2023 జూలై 14న బయల్దేరి ఆగస్టు 23న దిగింది. ఈ ఇసకలో ఆ ప్రయాణమంతా ఆవగింజకు 4 సెంటీమీటర్ల అవతల చంద్రుడికి గుర్తుగా పెట్టిన పెన్ను చుక్క దాకానే. సూర్యుణ్ణి గమనించడానికి మనవాళ్లు పంపిన ఆదిత్య-ఎల్1 సూర్యుడి వైపు వెళ్లింది కాబట్టి సూర్యుడి మీద దిగుతుందని పిల్లలు అనుకుంటారు. అది ఉండేది ఆవగింజకు 15 సెంటీమీటర్ల దూరంలో. ఇంకా 14 మీటర్లకు పైగా మిగిలే ఉంది. 1977లో బయల్దేరిన అమెరికా వ్యోమనౌక వాయేజర్-1 అయితే ఈ కొలతలో ఈపాటికి రెండున్నర కిలోమీటర్ల దూరానికి చేరింది.

చంద్రకళలకు ఇదేమీ అక్కర్లేదు. చీకటి గదిలో ఒక బల్బు, పుల్లకు గుచ్చిన నిమ్మకాయ ఉంటే చాలు. పాప నిమ్మకాయను చెయ్యి చాపి పట్టుకుని తన చుట్టూ తాను తిరగాలి, తన తలే భూమి. బల్బుకు వీపు పెట్టినప్పుడు కాయను తలకన్నా కొంచెం పైకెత్తితే పౌర్ణమి, తల నీడలోకి దించితే గ్రహణం. భూమి నీడ పడే చంద్రుడు తరుగుతాడని పెద్దవాళ్లలో కూడా చాలామంది నమ్ముతారు, ఆ పొరపాటు ఇక్కడ పోతుంది. నీడతోనే ఇంకో పని ఉంది. ఏప్రిల్ 28, 29 తేదీల్లో నెల్లూరులో మధ్యాహ్నం పన్నెండు దాటాక ఏడెనిమిది నిమిషాలకు సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు కాబట్టి నిటారుగా నిలిపిన గ్లాసుకు నీడ ఉండదు. ఒంగోలు వాళ్లు మే 2, 3 తేదీల్లో చూడొచ్చు. నీడనే చూడమనండి, సూర్యుణ్ణి మాత్రం ఎప్పుడూ నేరుగా చూడనివ్వకండి.

వీలైతే బీచికి పౌర్ణమి రోజు వెళ్లండి. మేము పోయినసారి వైశాఖ పౌర్ణమికి వెళ్లాం. పొద్దు గుంకే వేళకు సముద్రంలోంచి చంద్రుడు లేచాడు. పిల్లల్ని ఆవగింజ దగ్గర నిలబెట్టి, 15 మీటర్ల అవతలి తాటికాయ మీద టార్చి వేయించాను. చంద్రుడే పెద్దగా ఉన్నాడని అందరూ వాదించారు. చెయ్యి బారుగా చాపి చిటికెన వేలు అడ్డం పెట్టమన్నాను. వేలి వెనక తాటికాయ దాగింది, చంద్రుడూ దాగాడు. భూమి మీద నిలబడి చూసేవాళ్లకు సూర్యుడు ఎంత కనిపిస్తాడో తాటికాయ అంతే కనిపిస్తోంది, ఆకాశంలో చంద్రుడూ ఇంచుమించు అంతే. ఒక అమ్మాయి వేలు తీస్తూ, పెడుతూ చాలాసేపు అక్కడే ఉండిపోయింది.

తాటికాయ దొరక్కపోతే 14 సెంటీమీటర్ల పసుపు అట్ట గుండ్రంగా కోసినా సరిపోతుంది.