గొలుసు కొనండి, కానీ ముందు పాలసీ కాగితం బయటికి తీయండి

ప్రశ్న: నమస్కారం సార్. మాది పర్లాకిమిడి. ఫ్రిజ్‌లు, ఏసీలు రిపేరు చేస్తాను. వయసు 31. ఇంట్లో అమ్మ, నా భార్య, నాలుగేళ్ల పాప. పనంతా బండి మీదే. ఊళ్లో కొంత, కాశీనగర్ వైపు కొంత, వారంలో రెండు మూడు రోజులు సరిహద్దు దాటి పాతపట్నం. నెలకు 19 వేల నుంచి 24 వేల దాకా వస్తుంది. అద్దెతో కలిపి ఇంటి ఖర్చు 15 వేలు. రెండేళ్ల కిందట 110 సీసీ బండి లోన్ మీద తీసుకున్నాను. ఈఎంఐ 2,950, ఇంకా 11 ఉన్నాయి. ఈ నెలలో మా వీధిలో రెండు బళ్లు పోయాయి. మాది అద్దె ఇల్లు, రాత్రి బండి బయటే ఉంటుంది. అప్పట్నుంచి ఒకటే టెన్షన్, చిన్న చప్పుడైనా లేచి కిటికీలోంచి చూస్తున్నాను. జీపీఎస్, అలారం ఉన్న లాక్ సెట్ పెట్టించమని మా బావమరిది అంటున్నాడు. 7,800 అవుతుంది. నా దగ్గర ఉన్నది 6 వేలే. ఫోన్‌లో యాప్ ద్వారా 10 వేల లోన్ పది నిమిషాల్లో వస్తుందట. చేతికి 8,400 ఇస్తారు, మూడు నెలలకు 10,900 కట్టాలి. మా ఆవిడేమో మామూలు గొలుసు చాలంటోంది. బండికి ఐదేళ్ల ఇన్సూరెన్స్ ఎలాగూ ఉంది కదా, అసలు లాక్ కావాలా అని కూడా అనిపిస్తోంది. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఆవిడ మాట వినండి. గొలుసు కొనండి. మీరు అడిగినదానికి జవాబు అంతే. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మీదే ఎంచుకున్నది మాత్రం లాక్ కోసం కాదు. చివర్లో మాటవరసకు రాసిన ఒక్క వాక్యం కోసం. "ఐదేళ్ల ఇన్సూరెన్స్ ఎలాగూ ఉంది కదా."

లేదు. బండి పోతే డబ్బులిచ్చే ఇన్సూరెన్స్ మీకు లేదు. ఏడాది పైనుంచీ లేదు.

2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త టూవీలర్ కొన్నప్పుడే ఐదేళ్లకు థర్డ్ పార్టీ కట్టించుకుంటున్నారు. సుప్రీంకోర్టు ఆదేశంతో వచ్చిన పద్ధతి అది. షోరూమ్‌లో మీ చేతికిచ్చిన కాగితం మీద పెద్దగా కనిపించే ఐదేళ్ల తేదీ దానిదే. మీ బండి ఎవరినైనా గుద్దితే వాళ్లకిచ్చే పరిహారం కోసం అది. మీ బండిని ఎవడైనా ఎత్తుకుపోతే అందులోంచి రూపాయి రాదు. దొంగతనానికి పనికొచ్చేది ఓన్ డ్యామేజ్ భాగం. అది మామూలుగా మొదటి ఏడాదికే ఇస్తారు. అదే కాగితం మీద, ఇంకో గడిలో, ఇంకో తేదీ ఉంటుంది. ఆ గడి ఎవరూ చూడరు. షోరూమ్ కుర్రాడు "ఐదేళ్లు చూసుకోక్కర్లేదు సార్" అంటాడు, మనం కవర్లో పెట్టి బీరువాలో దాచేస్తాం. నా దగ్గరకు వచ్చేవాళ్లలో ఈ పొరపాటు ఎంత మామూలంటే, బండి లోన్ ఉందని ఎవరైనా చెప్పగానే వడ్డీ సంగతి తర్వాత, ముందు పాలసీ తీసుకురండి అంటాను. మీరు మధ్యలో విడిగా రెన్యువల్ చేయించినట్టు ఎక్కడా రాయలేదు. చేయించి ఉంటే సంతోషం, ఈ జవాబులో సగం మీకు అక్కర్లేదు. కానీ చేయించలేదనే అనుకుంటున్నాను.

ఇప్పుడు లెక్క చూద్దాం. మీ బండి షోరూమ్ ధర సుమారు 82 వేలు అనుకుంటే, రెండేళ్లు దాటి మూడేళ్ల లోపు బండికి 30 శాతం తరుగు తీసి ఐడీవీ, అంటే బండి పోతే కంపెనీ ఇచ్చే గరిష్ఠ మొత్తం, కడతారు. అంటే 57 వేల చిల్లర. ఓన్ డ్యామేజ్ ఉన్నప్పుడు బండి పోయిందనుకోండి. ఆ డబ్బులోంచి ముందు ఫైనాన్స్ వాళ్ల బాకీ తీరుతుంది. మీ 11 ఈఎంఐలు కలిపితే 32,450. అది పోగా పాతిక వేలు మీ చేతికొస్తాయి. ఇంకో సెకండ్ హ్యాండ్ బండికి అది మంచి ఆధారం. ఓన్ డ్యామేజ్ లేనప్పుడు పోతే? బండి ఉండదు, లోన్ ఉంటుంది. కనిపించని బండికి 11 నెలలు నెలకు 2,950 కడుతూ, గ్యాస్ సిలిండర్, వాక్యూమ్ పంపు ఆటోలో వేసుకుని పాతపట్నం వెళ్తారు. మీ నిద్ర చెడగొట్టాల్సింది ఇదీ, వీధిలో చప్పుడు కాదు.

ఈ కవర్‌కి ఏడాదికి అయ్యేదెంత? కంపెనీని బట్టి మారుతుంది, మీలాంటి బండికి వెయ్యికీ పదిహేను వందలకీ మధ్య. మీ థర్డ్ పార్టీ ఇంకా నడుస్తోంది కాబట్టి ఓన్ డ్యామేజ్ ఒక్కటే విడిగా తీసుకోవచ్చు. 2019 సెప్టెంబరు నుంచి అలా అమ్ముతున్నారు. వేరే కంపెనీ దగ్గరైనా పర్వాలేదు. ఏడాది పైగా వదిలేశారు కాబట్టి బండి చూపించమంటారు, చాలా కంపెనీలు ఫోన్‌లో వీడియో తీసి పంపితే సరిపెట్టుకుంటున్నాయి. గడువు దాటి 90 రోజులైతే నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, పోతుంది, మీదెప్పుడో పోయింది. ఫారంలో క్లెయిమ్ ఉందా, గడువు ఎప్పుడు ముగిసింది అని అడిగినచోట నిజమే రాయండి. వంద రూపాయలు తగ్గుతాయని ఏజెంటు ఏదైనా టిక్ పెట్టబోతే ఒప్పుకోవద్దు. రేపు క్లెయిమ్ రోజున ఆ టిక్కే మీ మెడకు చుట్టుకుంటుంది.

పనిలో పనిగా ఇంకొక గడి కూడా చూడండి. సొంతదారు నడుపుతూ ప్రమాదంలో పోతే 15 లక్షలిచ్చే పర్సనల్ యాక్సిడెంట్ కవర్. అది కూడా చాలామందికి మొదటి ఏడాదితోనే ముగిసిపోతుంది. బండి పోతే 57 వేల నష్టం గురించి మీరు నిద్ర మానేశారు. రోజూ వర్షంలో, చీకట్లో అదే రోడ్డు మీద మీరు తిరుగుతున్నారు, ఇంట్లో ముగ్గురు మీ మీదే ఆధారపడి ఉన్నారు. ఇది కోపంగా రాస్తున్నాననుకుంటే అనుకోండి.

ఇక ఆ యాప్ లోన్. చేతికి 8,400, తిరిగి 10,900. అంటే 8,400కి మూడు నెలల్లో 2,500 ఎక్కువ. మన ఊళ్ల లెక్కలో చెప్పాలంటే నెలకు నూటికి దాదాపు పది రూపాయల వడ్డీ. రెండు రూపాయల వడ్డీ అంటేనే అమ్మో అంటాం, ఐదు రూపాయలు తీసుకునేవాణ్ని నలుగురిలో తిట్టుకుంటాం. ఫోన్‌లో వస్తే మాత్రం పది రూపాయల వడ్డీ "ఆఫర్" అయిపోతుంది! నెలనెలా వాయిదాల్లో కట్టమంటే ఇంకా ఎక్కువ పడుతుంది, ఎందుకంటే అసలు మొదటి నెల నుంచే తిరిగి ఇచ్చేస్తుంటారు. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం ఇలాంటి లోన్ ఇచ్చే ముందు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అనే పేజీ చూపించాలి, అందులో ఏడాది వడ్డీ శాతం రాసి ఉండాలి. మీ బావమరిదిని ఆ పేజీ తెరిచి ఆ ఒక్క అంకె చదివి వినిపించమనండి. అక్కడ మూడంకెల సంఖ్య కనిపిస్తే ఆశ్చర్యపోకండి. ఆ పేజీయే లేకపోతే యాప్ తీసేయండి. దొంగ వస్తాడేమోనన్న భయంతో తలుపు తీసి ఇంకొకణ్ని లోపలికి పిలుస్తామా?

లాక్ సంగతికొస్తే, మీ బండికి ముందు చక్రం డ్రమ్ బ్రేకు అయితే డిస్క్ లాక్ అసలు పట్టదు, కాబట్టి దుకాణంవాడు చూపించినా కొనకండి. కాస్త మందం గొలుసు, తాళం కలిపి ఏడెనిమిది వందల్లో వస్తుంది. దాన్ని వెనక చక్రంలోంచి తీసి ఊరికే బండికే చుట్టేస్తే లాభం లేదు. ఇద్దరు మనుషులు బండిని ఎత్తి ఆటో ట్రాలీలో పెట్టుకోగలరు. కిటికీ ఊచకో, మెట్ల గ్రిల్‌కో, కదలనిదానికి దేనికైనా కట్టాలి. ఇంటి ఓనర్‌ని అడిగి గోడకి ఒక ఇనుప కొక్కెం బిగించుకోండి. హ్యాండిల్ లాక్ ఒక్కటే నమ్ముకోవద్దు, గట్టిగా తన్నితే విరిగిపోయే రకం అది. గొలుసు ఉంటే దొంగ రాడని కాదు. తేలికగా దొరికే బండి పక్కన ఇంకోటి ఉంటే అటు పోతాడు. ఎనిమిది వందలకు ఆ మాత్రం చాలు. పగలు పనికి వెళ్లినచోట మీకు అసలు ప్రమాదం లాక్ లేకపోవడం కాదు. పై అంతస్తుకి టూల్ బ్యాగ్ ఇచ్చేసి వస్తాను, రెండు నిమిషాలే కదా అని తాళంచెవి బండికే వదిలేయడం. మీ పనిలో ఉన్నవాళ్లు అందరూ చేసేదే ఇది. అలా పోతే మీ అజాగ్రత్త అని కంపెనీ క్లెయిమ్ తగ్గించడమో, తిరస్కరించడమో చేయొచ్చు.

తాళంచెవుల గురించి ఇంకో మాట. బండి పోయిన క్లెయిమ్‌లో కంపెనీ రెండు తాళంచెవులూ అడుగుతుంది. నాకు తెలిసిన ఒకాయన స్పేర్ కీని ఎక్కడ పెట్టాడో తెలుసా? ఎప్పుడైనా అవసరం పడుతుందని బండి సీటు కింద కాగితాల కవర్లోనే. బండితోపాటు అదీ పోయింది, ఆర్‌సీ కూడా పోయింది. రెండో తాళంచెవి ఎక్కడని కంపెనీవాళ్లు అడిగితే నిజం చెప్పలేక, అబద్ధం చెప్పలేక ఏడాది దాకా తిరిగాడు. మీ స్పేర్ కీ ఇంట్లో ఉండాలి, మీ జేబులో ఉన్న గుత్తికి కూడా కాదు.

సరిహద్దు మీద ఉన్నారు కాబట్టి ఇది కూడా గుర్తుంచుకోండి. బండి ఒడిశా ఓడీ 20 నంబరుదైనా పాలసీ దేశమంతా చెల్లుతుంది. పాతపట్నంలో పోయిందనుకోండి, అక్కడే స్టేషన్‌లో వెంటనే ఫిర్యాదు ఇవ్వండి. "మీది ఒడిశా, అక్కడ ఇచ్చుకోండి" అన్నా, పర్లాకిమిడిలో "అక్కడ పోయింది కదా" అన్నా ఊరుకోవద్దు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం భారతీయ నాగరిక సురక్షా సంహితలో ఏ స్టేషన్ పరిధిలో జరిగినా ఫిర్యాదు తీసుకోవాలని 173వ సెక్షన్‌లో ఉంది. జీరో ఎఫ్‌ఐఆర్ అంటే అదే. అదే రోజు ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేసి, మెయిల్ కూడా పెట్టండి. ఎఫ్‌ఐఆర్ వెంటనే ఇచ్చి ఉంటే, కంపెనీకి చెప్పడం ఆలస్యమైందన్న ఒక్క కారణంతో క్లెయిమ్ తోసిపుచ్చకూడదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. మంచిదే. కానీ ఆ తీర్పు వాడుకునేదాకా వెళ్లే ఓపిక, టైము మీకెక్కడివి? ఒక్క ఫోన్ కాల్‌తో పోయేదానికి. తర్వాత ఫైనాన్స్ వాళ్లకీ, ఆర్‌టీఓకీ లెటర్ ఇవ్వాలి. మరీ అన్యాయంగా తిరస్కరిస్తే ఒడిశా వాళ్లకి భువనేశ్వర్‌లో ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు.

ఇవన్నీ సరిగ్గా చేసినా డబ్బు వారంలో రాదు. బండి దొరకలేదని పోలీసుల చివరి రిపోర్టు వచ్చేదాకా ఫైలు కదలదు, అది నెలల పని. ఆ నెలల్లో ఈఎంఐ ఆగదు, అద్దె ఆగదు, పని మాత్రం సగమవుతుంది. మీ దగ్గర ఉన్నది 6 వేలు. ఇంటి ఖర్చులో పన్నెండు రోజులకే సరి. అప్పుడు మళ్లీ ఆ యాప్ గుర్తొస్తుంది. నేను భయపడేది దానికే.

కాబట్టి ఆ 6 వేలలోంచి ఓన్ డ్యామేజ్‌కి, యాక్సిడెంట్ కవర్‌కి, గొలుసుకి కలిపి రెండున్నర మూడు వేలు ఈ వారమే పెట్టండి. వరుస తప్పొద్దు, పాలసీ ముందు, గొలుసు తర్వాత. మిగిలినదాంతో బ్యాంకులో నెలకు 1,500 ఆర్‌డీ మొదలెట్టండి. మార్చి నుంచి జూన్ దాకా ఏసీ సీజన్‌లో మీకు ఎక్కువ వస్తుందని నాకు తెలుసు. ఆ నాలుగు నెలల్లో పైన వచ్చింది వచ్చినట్టు ఇందులోకే తోయండి. మూడు నెలల ఖర్చూ, మూడు ఈఎంఐలూ కలిపి 54 వేల దాకా పోగయ్యేవరకూ ఇంకే పథకం గురించీ నన్ను అడగొద్దు. లోన్ ముందుగా తీర్చేయాలా అని అడుగుతారేమో, ఇప్పుడే వద్దు. జీపీఎస్ ఆ 54 వేలు పోగయ్యాక మీ ఇష్టం. బండి పోతే కొన్న ధర ఇచ్చే రిటర్న్ టు ఇన్వాయిస్ లాంటి అదనపు కవర్లు మీ బండి వయసుకి అక్కర్లేదు.

పాలసీ చేతికొచ్చాక మూడు చూడండి. ఓన్ డ్యామేజ్ గడిలో తేదీ, ఇంజిన్, ఛాసిస్ నంబర్లు ఆర్‌సీతో సరిపోయాయా, లోన్ ఇచ్చినవాళ్ల పేరు రాసే హైపోథికేషన్ దగ్గర మీ ఫైనాన్స్ కంపెనీ పేరుందా. తేడా ఉంటే అప్పుడే దిద్దించుకోండి. వచ్చే ఏడాది గడువు తేదీని ఇంట్లో క్యాలెండర్ మీద మీ ఆవిడ చేత రాయించండి, మీ ఇంట్లో ఈ విషయాలు ఆవిడకే బాగా తెలిసినట్టున్నాయి. మీ బావమరిదికీ బండి ఉండే ఉంటుంది. ఆయన పాలసీ కూడా ఒకసారి తీసుకురమ్మనండి, ఆ రెండో గడిలో తేదీ ఎంతుందో మీరే చదివి చెప్పండి.