0.324 గొప్పదా, 0.401 గొప్పదా?

ప్రశ్న: బేస్‌బాల్ రికార్డుల్లో 1908లో టై కాబ్ సగటు 0.324, 1930లో బిల్ టెరీ సగటు 0.401 అని ఉంది. అయినా కాబ్‌నే గొప్ప హిట్టర్ అంటారెందుకు?
– డిగ్రీ విద్యార్థి, కావలి

జవాబు: ఈ సగటు క్రికెట్ సగటు లాంటిది కాదు. కొట్టిన హిట్లను (బంతి కొట్టి, ఫీల్డర్ పొరపాటు లేకుండా బేస్ చేరడం) ఎట్ బ్యాట్లతో (లెక్కలోకి వచ్చే బ్యాటింగ్ అవకాశాలు) భాగిస్తే వస్తుంది. 1908లో కాబ్ 581 ఎట్ బ్యాట్లలో 188 హిట్లు కొట్టాడు. 1930లో టెరీ 633లో 254 కొట్టాడు. ఇక్కడితో ఆగితే టెరీదే పైచేయి. కానీ ఒక ఏడాది పుట్టి ధాన్యం ధరను ఇంకో ఏడాది ధరతో పోల్చేటప్పుడు ఆ యేటి మార్కెట్ ఎలా ఉందో చూస్తాం కదా, ఇక్కడా అంతే. 1908లో కాబ్ ఆడిన అమెరికన్ లీగ్ మొత్తం సగటు 0.239. 1930లో టెరీ ఆడిన నేషనల్ లీగ్ సగటు 0.303, అంటే లీగ్‌లో మామూలు ఆటగాడు కూడా 0.300 దాటినట్టే. ఇప్పుడు ఆటగాడి సగటును లీగ్ సగటుతో భాగించండి: కాబ్ 1.36, టెరీ 1.32. కాబ్‌కు 1930 నాటి లీగ్ దొరికి ఉంటే, ఇదే నిష్పత్తిలో 0.411 వచ్చేది.

కాబ్ కాలంలో ఒకే బంతిని మాసిపోయి మెత్తబడేదాకా వాడేవారు. పిచర్లు (బంతి వేసేవాళ్లు) దానికి ఉమ్మి రాసి వేసేవారు. ఆ పద్ధతిని 1920లో నిషేధించారు. అందుకే ఆ రోజుల్లో 0.324 కొట్టడం చాలా కష్టం. 1968లోనూ హిట్లు కొట్టడం కష్టంగానే ఉండేది. అమెరికన్ లీగ్ సగటు 0.230కి పడిపోతే, కార్ల్ యస్త్రేమ్‌స్కీ 0.301తోనే మొదటి స్థానంలో నిలిచాడు. నిష్పత్తి 1.31.

లీగ్ సగటుతో భాగించినంత మాత్రాన అన్నీ సరిపోవు. 1901లో నాప్ లాజోయ్ 0.426 కొట్టాడు, లీగ్ సగటు 0.277, నిష్పత్తి 1.54. అయితే గీత బయటికి పోయిన ఫౌల్ బంతిని స్ట్రైక్‌గా (మూడైతే ఔట్) లెక్కించే నిబంధన అమెరికన్ లీగ్‌లోకి 1903లో గానీ రాలేదు, కాబట్టి అప్పటిదాకా కొట్టడం కాస్త తేలిక. పైగా మేజర్ లీగ్‌గా దానికి 1901 మొదటి ఏడాది. 1887 లెక్కలైతే మరీ జాగ్రత్తగా చూడాలి. ఆ ఒక్క ఏడాది వాక్‌లను (పిచర్ చెడ్డ బంతులు వేస్తే ఉచితంగా బేస్‌కు వెళ్లడం) కూడా హిట్లుగా రాశారు. టిప్ ఓనీల్ పేరున ఉన్న 0.492, వాక్‌లు తీసేస్తే 0.435కు దిగింది.

ప్రశ్న: కాబ్ మొత్తం హిట్లు ఒకచోట 4,191, మరోచోట 4,189. ఏది నిజం?
– పాఠకురాలు, ఒంగోలు

జవాబు: 4,189. 1910లో కాబ్ మూడు ఎట్ బ్యాట్లలో రెండు హిట్లు కొట్టిన ఒక మ్యాచ్‌ను లెక్కలో రెండుసార్లు కలిపేశారు. తీసేస్తే ఆ ఏడాది సగటు 0.385 నుంచి 0.383కు తగ్గి, లాజోయ్ 0.384తో ముందుకొస్తాడు. 1981లో బేస్‌బాల్ కమిషనర్ బోవీ కూన్ దీన్ని సవరించడానికి ఒప్పుకోలేదు. తప్పు తేలాక దిద్దడమే న్యాయమని మా అభిప్రాయం. 1985 సెప్టెంబరు 11న పీట్ రోజ్ 4,192వ హిట్ కొట్టి రికార్డు దాటాడన్నది కూడా ఆ పాత అంకెను బట్టే.

ప్రశ్న: మా హైస్కూలు సాఫ్ట్‌బాల్ పిల్లలకు ఈ సగటు లెక్కగట్టాలంటే?
– పీఈటీ, ఆత్మకూరు, నెల్లూరు జిల్లా

జవాబు: వాక్, ఒంటికి బంతి తగిలి బేస్‌కు వెళ్లడం, శాక్రిఫైస్ (తాను ఔటై తోటి ఆటగాడిని ముందుకు పంపడం) – ఇవి ఎట్ బ్యాట్లలోకి రావు. 20 సార్లు బ్యాటింగ్‌కు వచ్చిన అమ్మాయికి 4 వాక్‌లు, ఒక శాక్రిఫైస్ ఉంటే ఎట్ బ్యాట్లు 15. ఆరు హిట్లు కొడితే 0.400. ఫీల్డర్ వదిలేసిన క్యాచ్‌తో బేస్ చేరితే అది ఎట్ బ్యాటే కానీ హిట్ కాదు. స్కోర్ బుక్కుల్లో ఎక్కువగా పొరపాటు జరిగేది ఇక్కడే. అలాంటివి రెండింటిని హిట్లుగా రాస్తే సగటు 0.533కు ఎగబాకుతుంది. టోర్నీ సగటు కోసం పిల్లల సగటులన్నీ కలిపి భాగించకండి, ఒకే ఒక్క బంతి ఆడి హిట్ కొట్టిన పిల్ల 1.000 మొత్తాన్నీ పైకి లాగేస్తుంది. అన్ని జట్ల హిట్లూ ఒకవైపు, ఎట్ బ్యాట్లన్నీ మరోవైపు కూడి, ఆ తర్వాతే భాగించండి.