సెలవు మీద ఇంటికి వచ్చిన సైనికుడు తల్లికి ఏం చెప్పగలడు?

ప్రాణంగా చూసుకునే కుటుంబం ఇంట్లో ఎదురుచూస్తున్నా, యుద్ధం నుంచి తిరిగి వచ్చిన మనిషి ఆ కుటుంబం మధ్యనే ఎందుకు ఒంటరి అవుతాడని, సాహిత్యం దీనికి ఏం సమాధానం చెప్పిందని మీరు అడిగారు. నేను ముప్పై ఏళ్ళకు పైగా డిగ్రీ విద్యార్థులకు సాహిత్యం బోధించాను. అయితే ఈ ప్రశ్న నాకు మొదట ఎదురైంది పుస్తకంలో కాదు, పదకొండేళ్ళ వయసులో మా ఇంట్లోనే. నాకు అర్థమైనంతలో ఆ దూరం ప్రేమ తగ్గినందువల్ల వచ్చేది కాదు. ఎదుటివాళ్ళు తట్టుకోలేరని దాచిన మాట వల్ల వస్తుంది. అడగకూడనిది ఏదో ఉందని ఇంట్లోవాళ్ళకు తెలిసిపోతుంది, చెప్పకూడదని అతనికి తెలుసు, ఇక అందరూ ఒకే బంతిలో కూర్చుని భోజనం చేస్తున్నా మాట్లాడుకునేవన్నీ పైపై సంగతులే అవుతాయి.

దీన్ని నేను చదివినవాటిలో అందరికన్నా నిశితంగా పట్టుకున్నవాడు జర్మన్ రచయిత ఎరిక్ మరియా రెమార్క్. మొదటి ప్రపంచ యుద్ధం మీద రాసి, 1929లో పుస్తకంగా వచ్చిన ఆయన నవలను మనలో చాలామంది 'ఆల్ క్వైట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్' అనే ఇంగ్లీషు పేరుతోనే ఎరుగుదురు. ఆ పేరు వినగానే అందరికీ కందకాలు, ఫిరంగులు, విషవాయువు గుర్తుకు వస్తాయి కాని, నా దృష్టిలో ఆ నవలకు ఆయువుపట్టు ఏడో అధ్యాయం. పాల్ బాయ్‌మర్ అనే కుర్ర సైనికుడు సెలవు మీద ఇంటికి వస్తాడు. సెలవు పద్నాలుగు రోజులు, ప్రయాణానికి మూడు రోజులు. మెట్లెక్కుతుండగా అక్క చూసి, పాల్ వచ్చాడమ్మా అని లోపలికి కేక వేస్తుంది. వంటింట్లోంచి బంగాళాదుంప అట్ల వాసన వస్తూ ఉంటుంది. ఇన్నాళ్ళూ చావుల మధ్య తిరిగిన ఆ కుర్రవాడికి అక్కడ ఇంకొక్క అడుగు ముందుకు పడదు. గోడకు ఆనుకుని, తుపాకీని గట్టిగా పట్టుకుని, ఆపుకోలేక ఏడుస్తాడు.

తల్లి క్యాన్సరుతో మంచం పట్టి ఉంది. అక్కడ చాలా కష్టంగా ఉందా అని ఆమె మెల్లగా అడిగితే, అంత కష్టమేమీ కాదని, చాలామందిమి కలిసే ఉంటాం కదా అని చెబుతాడు. తండ్రి తీరు వేరు. ఆయనకు కొడుకు యూనిఫాంలో కనిపించాలి, యుద్ధభూమి కబుర్లు చెప్పాలి. పాల్ చెప్పలేకపోతాడు, ఎందుకంటే ఆ అనుభవాలను మాటల్లో పెడితే అవి తనకన్నా పెద్దవైపోయి తన అదుపులో ఉండవేమోనన్న భయం అతనిది. తరగతిలో ఈ చోటికి వచ్చినప్పుడల్లా కాసేపు ఆగేవాణ్ణి. చెప్పకపోవడం అవతలివాళ్ళ కోసమేనని మనం అనుకుంటాం. అది చెప్పవలసినవాడి ప్రాణరక్షణ కూడా అని ఇక్కడే తెలుస్తుంది.

అదే అధ్యాయంలో అతను చనిపోయిన స్నేహితుడు కెమ్మెరిక్ తల్లి దగ్గరకు వెళతాడు. కాలు తీసేసిన తరువాత కెమ్మెరిక్ ఆసుపత్రి మంచం మీద కొద్దికొద్దిగా ప్రాణం విడవడాన్ని మనం అంతకు ముందే చదివి ఉంటాం. పాల్ మాత్రం, నీ కొడుకు ఏ బాధా లేకుండా ఒక్క క్షణంలో పోయాడని చెబుతాడు. ఆమె నమ్మదు, ఒట్టు పెట్టమంటుంది. అది నిజం కాకపోతే తాను తిరిగి రాకుండా పోవాలని అతను ఒట్టు పెడతాడు. 1918 అక్టోబరులో పాల్ కూడా చనిపోతాడు. నవలలో ఎవరూ ఆ ఒట్టును మళ్ళీ గుర్తు చేయరు, కాని నేను దాన్ని ఏనాడూ మరచిపోలేకపోయాను. రచయిత జీవితంలోనూ యుద్ధం ఇలాగే ఇంటిలోకి చొరబడింది. రెమార్క్ తల్లి 1917లో, ఆయన సైన్యంలో ఉండగానే, క్యాన్సరుతో మరణించింది. ఆయన అమెరికాలో ఉన్న 1943లో నాజీలు ఆయన చెల్లెలు ఎల్‌ఫ్రీడెకు మరణశిక్ష అమలు చేశారు.

మా చిన్నాన్న 1971 డిసెంబరు యుద్ధంలో పాల్గొని, మరుసటి వేసవిలో సెలవు మీద పశ్చిమ గోదావరిలోని మా ఊరికి వచ్చాడు. నాయనమ్మ డబ్బా నిండా సున్నుండలు చుట్టి పెట్టింది. సాయంత్రం కాగానే పెద్దలు మా అరుగు మీద చేరి యుద్ధం కబుర్లు చెప్పమనేవారు. చిన్నాన్న వాళ్ళకు రైలు ప్రయాణం గురించి, అక్కడి చలి గురించి, పూటపూటకూ రొట్టెలు తినవలసి రావడం గురించి మాత్రమే చెప్పేవాడు. నాయనమ్మ అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "వేళకు అన్నం పెడతారా నాయనా?" ఆయన సమాధానమూ ఒకటే: "సుబ్బరంగా పెడతారమ్మా." ఒక రాత్రి డాబా మీద, నేను నిద్రపోయాననుకున్నాడో, పిల్లవాడికి అర్థం కాదులే అనుకున్నాడో, తన పక్కన దెబ్బతిన్న స్నేహితుడు తెల్లవారేవరకు నీళ్ళు అడుగుతూనే ఉన్నాడని, తాను కదలలేకపోయానని చెప్పాడు. ఇక ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

ఇదంతా పరాయి దేశపు నవలల వ్యవహారమని అనుకోనక్కరలేదు. మహాభారతంలో తిక్కన తెలుగు చేసిన పదిహేను పర్వాలలో స్త్రీపర్వం ఒకటి. యుద్ధం ముగిశాక గంగ ఒడ్డున తర్పణాలు జరుగుతుండగా, కుంతి అన్నేళ్ళుగా కడుపులో దాచుకున్న మాట అక్కడ బయటపెడుతుంది: కర్ణుడికి కూడా నీళ్ళు వదలండి, అతడు మీకు అన్న. అంతవరకు కర్ణుడి చావు ధర్మరాజుకు గెలుపులో భాగం. ఆ ఒక్క మాటతో అది అన్నను చంపుకున్న పాపం అయింది. ఆ దుఃఖంలో ధర్మరాజు, ఆడవాళ్ళలో రహస్యం నిలవకుండు గాక అని శపిస్తాడు. 'ఆడవారి నోట నువ్వుగింజ నానదు' అనే సామెతకు మనవాళ్ళు ఈ శాపాన్నే మూలంగా చెబుతారు. నవ్వుతూ వాడే ఆ సామెత వెనుక, ఒక కొడుకు తల్లిని క్షమించలేకపోయిన రోజు ఉందని తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఆ తరువాతి ఘట్టాన్ని చాలామంది పట్టించుకోరు. యుద్ధం జరిగిన పదిహేనేళ్ళకు ధృతరాష్ట్రుడు, గాంధారి అడవికి బయలుదేరినప్పుడు, కళ్ళకు గంతలు కట్టుకున్న గాంధారి చేతిని తన భుజం మీద వేయించుకుని కుంతి కూడా నడిచిపోతుంది. మమ్మల్ని యుద్ధానికి పురికొల్పింది నువ్వే కదా, గెలిచిన రాజ్యాన్ని వదిలి ఎక్కడికి వెళతావని కొడుకులు బతిమాలతారు. మీరు అవమానంతో బతకకూడదనే పురికొల్పాను, కొడుకులు గెలిచిన రాజ్యభోగం నాకు వద్దు అంటుంది. కర్ణుణ్ణి మరచిపోవద్దని ధర్మరాజుకు చెప్పి వెళుతుంది. నేను దీన్ని ఇలా అర్థం చేసుకున్నాను: నూరుగురు కొడుకులను పోగొట్టుకున్న వాళ్ళ పక్కన కర్ణుడి కోసం ఏడవడానికి ఆమెకు చోటు ఉంది, గెలిచిన కొడుకుల కొలువులో లేదు. మహాప్రస్థానం కన్నా ఈ ప్రయాణమే నన్ను ఎక్కువ కలచివేస్తుంది.

అలాగైతే నిజం చెప్పేస్తే సరిపోతుందా? అమెరికన్ రచయిత హెమింగ్వే 1925 నాటి కథ 'సోల్జర్స్ హోమ్'లో క్రెబ్స్ అనే సైనికుడు ఆలస్యంగా ఊరికి తిరిగి వస్తాడు, అప్పటికి స్వాగతాలన్నీ అయిపోయి ఉంటాయి. నేనంటే నీకు ప్రేమ లేదా అని తల్లి అడిగితే లేదంటాడు, ఆమె ఏడవగానే ఆ మాట వెనక్కు తీసుకుంటాడు. అదే ఏడాది వచ్చిన వర్జీనియా వుల్ఫ్ నవల 'మిసెస్ డాలవే' మరో వైపు నుంచి చూస్తుంది. యుద్ధం నుంచి తిరిగి వచ్చిన సెప్టిమస్, అక్కడ చనిపోయిన స్నేహితుడు ఎవాన్స్‌తో మాట్లాడుతుంటాడు. మిలాన్‌లో అక్కచెల్లెళ్ళతో టోపీలు కుట్టుకునే జీవితాన్ని వదిలి అతని కోసం లండన్ వచ్చిన భార్య రెజియా, పార్కులో అతని పక్క నుంచి లేచి వెళ్ళి, ఆ ఊళ్ళో తనకు చెప్పుకోవడానికి ఎవరూ లేరని కుమిలిపోతుంది. ఒంటరితనం తిరిగి వచ్చినవాడిదే కాదు, ఎదురుచూసినవాళ్ళది కూడా అని మీరు ఆ నవలలో చూస్తారు.

చిన్నాన్న సెలవు అయిపోయి వెళ్ళిపోయిన రోజు రాత్రి నాయనమ్మ నా పక్కన కూర్చుని, "మీ చిన్నాన్న నీతో ఏమైనా చెప్పాడా?" అని అడిగింది. నేను లేదన్నాను. ఎందుకు అలా అన్నానో అప్పుడు నాకు తెలియదు, ఎవరూ నేర్పలేదు. ఆమె కాసేపు నా ముఖంలోకి చూసి, "సరేలే, పడుకో" అంది. తరువాత చాలాసేపు ఆ చీకట్లో అక్కడే కూర్చుని ఉంది.