వేరుశనగ పరీక్ష గోతాం దగ్గరే మొదలవుతుంది

చిరంజీవి నాన్నకు, పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన రీసెర్చ్ ప్రపోజల్ మొత్తం చదివాను. వేరుశనగలో అఫ్లటాక్సిన్ అనే బూజు విషం మీద పనిచేస్తానన్నావు, సంతోషం. ల్యాబ్‌లో వాడబోయే మిషన్ గురించి పేజీలకు పేజీలు రాశావు. గింజలు ఎక్కణ్ణుంచి, ఎలా తీస్తావో చెప్పాల్సిన చోట మాత్రం "ర్యాండమ్‌గా శాంపిళ్లు సేకరిస్తాం" అని ఒక్క ముక్కతో సరిపెట్టావు. నా ఉత్తరం దాదాపు ఆ ఒక్క ముక్క గురించే.

ఒక రాశిలో ప్రొటీన్ ఎంతుందో చూడాలంటే నాలుగు గుప్పిళ్లు తీసినా పెద్ద తేడా రాదు. ప్రతి గింజలోనూ కాస్త అటూ ఇటూగా అంతే ఉంటుంది. అఫ్లటాక్సిన్ సంగతి అలా కాదురా. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్, ఆస్పర్జిల్లస్ పారాసిటికస్ అనే బూజులు పురుగు తొలిచిన కాయలోనో, పగిలిన కాయలోనో దూరి అక్కడే విషం పోగేస్తాయి. పక్కనున్న గింజకు ఏమీ కాదు. ఒక్క వేరుశనగ గింజలో 10 లక్షల పీపీబీకి (వంద కోట్ల భాగాల్లో ఒక భాగం ఒక పీపీబీ) మించి దొరికిన సందర్భాలు 1960ల నాటి పరిశోధనల్లోనే నమోదయ్యాయి.

ఆ అంకె పట్టుకుని ఒక లెక్క వేసి చూడు. గింజ బరువు అర గ్రాము అనుకుందాం. 20 కిలోల్లో సుమారు 40,000 గింజలుంటాయి. వాటిలో ఒకే ఒక్కటి అలాంటిది, మిగతావన్నీ శుభ్రం. ఆ ఒక్క గింజలోని విషాన్ని 20 కిలోలకూ పంచితే సగటు 25 పీపీబీ వస్తుంది. అమెరికాలో మనుషుల ఆహారానికి పెట్టుకున్న హద్దు 20. అంటే ఒక్క గింజ మొత్తం సరుకునే ఫెయిల్ చేయగలదు. అది నీ నమూనాలో పడలేదనుకో, అదే సరుకు సున్నాతో పాసైపోతుంది.

ఇంకో లెక్క. ప్రతి వెయ్యి గింజల్లో ఒకటి చెడ్డదనుకో. నువ్వు 100 గ్రాములు, అంటే ఓ 200 గింజలు తీశావు. అందులో చెడ్డ గింజ ఒక్కటీ లేకుండా ఉండే అవకాశం దాదాపు 82 శాతం! ఆ తర్వాత నీ మిషన్ ఎంత ఖరీదైనదైతే ఏం లాభం? లేని విషాన్ని లేదని చాలా కచ్చితంగా చెబుతుంది, అంతే. మొత్తం పొరపాటులో పెద్ద వాటా సాధారణంగా నమూనా తీయడంలోనే ఉంటుంది. తర్వాతది రుబ్బి, అందులోంచి కొంచెం తీయడంలో. మిషన్ వాటా అన్నిటికంటే చిన్నది. మీ కుర్రాళ్ల దృష్టి, డబ్బు మాత్రం సరిగ్గా దీనికి తిరగేసి ఖర్చవుతుంటాయి. అది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

మరి ఏం చేయాలంటావా? ఒకచోట ఎక్కువ తీయకు, ఎక్కువ చోట్ల కొంచెం కొంచెం తియ్యి. యూరప్ నిబంధనల్లో పెద్ద లాట్ వేరుశనగ నుంచి 100 చోట్ల తీసి, అన్నీ కలిపి 20 కిలోలు చేయమన్నది ఊరికే కాదు. వీలైతే సరుకు కదులుతున్నప్పుడు, అంటే పోస్తున్నప్పుడో బెల్టు మీద పోతున్నప్పుడో, కాసేపటికోసారి అడ్డంగా పట్టి తియ్యి. అంతకు మించిన పద్ధతి లేదు. గోతాల్లో ఉంటే గుచ్చి తీసే గొట్టం అడుగుదాకా దిగాలి. పైన తీసి ఊరుకుంటే కుదరదు. ముక్కలు, పొట్టు, ముడతలు పడ్డ చిన్న గింజలు కదలికకు కిందికి జారతాయి. విషం ఎక్కువగా ఉండేది కూడా వాటిలోనే. నమూనాను శుభ్రం చేస్తున్నామనుకుని నల్లబడ్డవి, ముక్కలు ఏరి పారేసే సహాయకులు ఉంటారు. పాపం, మంచి ఉద్దేశంతోనే చేస్తారు. వాళ్లకు ముందే చెప్పు.

సరుకు యజమాని తానే తీసి ఇచ్చిన పొట్లాన్ని సర్వే లెక్కల్లో కలపకు. అతను మోసగాడని కాదు. ఎవరైనా ఇచ్చేటప్పుడు మంచివే ఇస్తారు. ఏ గోతాం తెరవాలో నువ్వు కూడా కంటితో ఎంచుకోకు, నంబర్లు వేసి చీటీ తియ్యి. చేతికి అందినదాన్ని తీయడం ర్యాండమ్ కాదు.

ఇక రుబ్బడం. తెచ్చిన నమూనా మొత్తం రుబ్బాలి. పైపైన 50 గ్రాములు తీసి అది మాత్రమే రుబ్బితే, గోతాం దగ్గర పడ్డ కష్టమంతా బూడిదలో పోసినట్టే. వేరుశనగలో నూనె ఎక్కువ కాబట్టి పొడిగా ఆడిస్తే ముద్దకట్టి మిల్లుకు అతుక్కుంటుంది. నీళ్లు కలిపి జారుగా రుబ్బితే బాగా కలుస్తుంది, ఎక్కణ్ణుంచి తీసినా దాదాపు ఒకే అంకె వస్తుంది. నమ్మకం కుదరకపోతే ఒకే ముద్దలోంచి పది చోట్ల తీసి పదీ పరీక్షించు. అంకెలు చెదిరిపోతే నీ రుబ్బుడు సరిగా లేదని అర్థం. ఒక నమూనాకూ ఇంకో నమూనాకూ మధ్య మిల్లు విప్పి కడగడం మరిచిపోకు. చెడ్డ నమూనా తర్వాత వచ్చినది ఉత్తి పుణ్యానికి దోషి అవుతుంది.

ల్యాబ్ గురించి నీకు చెప్పాల్సింది తక్కువే. శుభ్రమైన నమూనాలో తెలిసిన మోతాదు కలిపి ఎంత తిరిగి వస్తోందో ప్రతి బ్యాచ్‌లోనూ చూసుకో. వెలుతురు తగలనివ్వకు, గోధుమరంగు సీసాలు వాడు. గ్లౌజులు, మాస్కు లేకుండా ఎండు పొడి జోలికి పోకు. ఇది కాలేయ క్యాన్సర్ తెచ్చే పదార్థం, అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ దీన్ని మొదటి గ్రూపులో, అంటే మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని రుజువైన వాటిలో, పెట్టింది. వాడిన గాజుసామాను బ్లీచింగ్ ద్రావణంలో నానబెట్టాకే కడగనివ్వు, కడిగే మనిషికి కూడా కాలేయం ఉంటుంది.

చేలో ప్రయోగం కూడా పెడతానన్నావు. కోతకు ముందు చివరి నెలా నెలన్నరలో వానలు మొహం చాటేసి నేల వేడెక్కితే బూజుకు పండగే. అందుకే కాయలున్న లోతులో నేల ఉష్ణోగ్రత, తేమ రాసుకోకుండా ఏ రకం మంచిదో తేల్చకు. ఒక రకం నిజంగా తట్టుకుందా, లేక దాని మడికి కాస్త ఎక్కువ నీరు అందిందా అన్నది తర్వాత ఎవరూ చెప్పలేరు. 1920లలో ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో గణాంక శాస్త్రవేత్త రొనాల్డ్ ఫిషర్ చేనును బ్లాకులుగా విడగొట్టి, ఏ మడిలో ఏది వేయాలో చీటీతో తేల్చమన్నది ఇందుకే. నేల ఎక్కడా ఒక్కలా ఉండదు. గట్టు పక్క వరసలు కొలతల్లోకి తీసుకోకు.

విషం తయారుచేయని ఫ్లేవస్ రకాన్ని చల్లి, విషపు రకాన్ని పక్కకు నెట్టే పద్ధతి కూడా నీ జాబితాలో ఉంది. మంచి పద్ధతే. కానీ బూజు విత్తనాలు గాలికి ఎగురుతాయి. చల్లిన మడీ, చల్లకుండా వదిలిన మడీ పక్కపక్కనే పెడితే, చల్లకుండా వదిలినది కూడా బాగుపడి, నీ మందు పనిచేయలేదన్న తీర్మానం వస్తుంది! దూరం పెట్టు, మధ్యలో వేరే పంట వెయ్యి.

అంకెలు చేతికొచ్చాక సగటు ఒక్కటే రాసి ఊరుకోకు. సగానికి పైగా నమూనాల్లో ఏమీ లేకుండా, రెండు మూడింటిలో కొండంత ఉంటే ఆ సగటు ఎవరి గురించి చెప్పినట్టు? మధ్యస్థం (అంకెలన్నీ వరసలో పెడితే నడిమిది) రాయి, హద్దు దాటినవి ఎన్ని శాతమో రాయి, అన్నిటికంటే పెద్ద అంకె రాయి. ఏ హద్దుతో పోల్చావో కూడా చెప్పు. నేరుగా తినే వేరుశనగకు యూరప్‌లో మొత్తం అఫ్లటాక్సిన్ 4 పీపీబీ దాటకూడదు. తర్వాత శుద్ధి చేసే వేరుశనగకు అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ పెట్టిన హద్దు 15. ఒకే సరుకు ఒకచోట పాసై ఇంకోచోట ఫెయిలవుతుంది. "కనబడలేదు" అన్నదాన్ని "లేదు" అని మార్చి రాయకు, నీ పరీక్ష ఎంతదాకా పట్టగలదో పక్కనే రాయి.

చివరిది, నీ ప్రపోజల్‌లో అసలు లేనిది. ఇళ్లలో తినడానికి దాచుకున్న గింజల్లోంచి కూడా తీస్తానన్నావు కదా. ఒక ఇంటి గింజల్లో విషం వందల పీపీబీల్లో వచ్చిందనుకో, అప్పుడేం చేస్తావు? పేపర్ అచ్చయ్యేదాకా ఆగుతావా? 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చాకే ఈ విషం బయటపడింది. కెన్యాలో 2004లో మొక్కజొన్న తిని 317 మంది జబ్బుపడితే 125 మంది చనిపోయారు. చాలావరకు అది ఇళ్లలో తేమగా నిల్వ ఉంచుకున్న సొంత పంటే. వేయించినా ఉడికించినా ఇది పూర్తిగా పోదు. ఒక్క నమూనాతో ఏమీ తేల్చలేమని ఇంతసేపూ చెప్పింది నేనే. కానీ ఆ మాట సున్నా వచ్చినప్పుడు గుర్తుంచుకో. వందల్లో వచ్చినప్పుడు ముందు ఆ ఇంటికి చెప్పి, ఆ గింజలు పిల్లలకు పెట్టవద్దని ఆపించు. మళ్లీ పరీక్ష ఆ తర్వాత. ఎవరు చెబుతారు, ఎన్ని రోజుల్లో చెబుతారు, తీసేసిన గింజల బదులు ఆ ఇంటికి ఏమిస్తారు అన్నది ఎథిక్స్ కమిటీ అడక్కపోయినా బడ్జెట్‌తో సహా ప్రపోజల్‌లో రాయి.

ఇట్లు,
మీ పెద్దమ్మ