డల్లాస్‌లో ఉన్న అక్క కూతురికి, దత్తత గురించి

చి.ల.సౌ. బుజ్జికి,

పిన్ని ఆశీస్సులు. మీరిద్దరూ ఒక బిడ్డను దత్తత తీసుకోవాలని నిర్ణయించుకున్నారని అక్క ఫోన్‌లో చెప్పింది. విని చాలా సంతోషించాను. అల్లుడి పెదనాన్నగారి అబ్బాయికి మూడోసారీ ఆడపిల్లే పుట్టింది కదా, ఆ పాపనే తీసుకోమని మీ అత్తగారు అంటున్నారట. సంక్రాంతికి వచ్చినప్పుడు రిజిస్ట్రార్ ఆఫీసులో దత్తత పత్రం రాయించుకుని వెంట తీసుకెళ్లిపోవచ్చని ఇంట్లో అందరూ అనుకుంటున్నారట. ఈ మాట విన్నాకే ఉత్తరం రాయాలనిపించింది. శిశుగృహలో సోషల్ వర్కర్‌గా పనిచేసిన రోజుల్లో, చేతిలో రిజిస్టర్ పత్రం ఉన్నా వీసా రాక, పిల్లను నాయనమ్మ దగ్గర వదిలి ఏడుస్తూ విమానం ఎక్కిన తల్లుల్ని చూశాను. నీకు ఆ పరిస్థితి రాకూడదు.

మన వరసల్లో అల్లుడు ఆ పాపకు బాబాయే. కానీ 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం బంధువులంటే ఎవరో లెక్కపెట్టి చెప్పింది. తల్లి లేదా తండ్రి తోడబుట్టినవాళ్లు, తాతలు, నాయనమ్మ, అమ్మమ్మ, అంతే. తండ్రికి పెదనాన్న, చిన్నాన్నల పిల్లలు అందులోకి రారు. కాబట్టి బంధువుల దత్తత దారి మీకు లేదు. 1956 హిందూ దత్తత చట్టం కింద రాయించుకున్న పత్రం మన దేశంలో చెల్లవచ్చు, అమెరికా వీసాకు మాత్రం అదొక్కటే చాలదు. దేశాల మధ్య దత్తతలకు నియమాలు పెట్టిన హేగ్ ఒప్పందంలో రెండు దేశాలూ ఉన్నాయి, ఆ పద్ధతిలోనే వెళ్లాలి. పైగా కన్నవాళ్లిద్దరూ బతికి ఉంటే, బిడ్డను సరిగా పెంచే స్థితిలో వాళ్లు లేరని అమెరికా చట్టం ప్రకారం చూపించాలి. ఆ అబ్బాయికి ఉద్యోగం ఉంది, సొంతిల్లు ఉంది. ఏమని చూపిస్తారు? ఇంకో మాట కూడా చెప్పాలి. మూడో ఆడపిల్ల అని వదిలించుకుంటున్న ఇంటి నుంచి ఆ పాపను తెచ్చుకుంటే, ఆ సంగతి పెద్దయ్యాక ఏ పెళ్లిలోనో ఎవరో ఒకరు దాని మొహం మీదే అనేస్తారు. అది నాకు అసలు ఇష్టం లేదు.

నీకు అమెరికా పౌరసత్వం వచ్చింది కాబట్టి సరిపోయింది. విదేశీ బిడ్డను దత్తత తీసుకోవడానికి మీరు తగినవాళ్లేనని అమెరికా ప్రభుత్వం దగ్గర ముందుగా ఆమోదం పొందే దరఖాస్తు ఐ-800ఏ. గ్రీన్ కార్డు, హెచ్1బీ వాళ్లకు అది వేసే వీలే లేదు, కనీసం భార్యాభర్తల్లో ఒకరైనా పౌరులై ఉండాలి. ఇది తెలియక మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయినవాళ్లు ఉన్నారు, మీ స్నేహితులెవరైనా అడిగితే ముందు ఈ ముక్క చెప్పు.

ఇక్కడ వ్యవహారమంతా దత్తతలను చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ, ఢిల్లీలోని కారా చేతిలో ఉంటుంది. మీరు నేరుగా ఏ శిశుగృహకూ వెళ్లనక్కర్లేదు, వెళ్లకూడదు కూడా. కారా గుర్తింపు ఉన్న అమెరికా ఏజెన్సీల జాబితా వాళ్ల వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. అందులో ఒకదాన్ని ఎంచుకుంటే వాళ్లే ఇంటికొచ్చి మీ ఇల్లూ పరిస్థితులూ పరిశీలించి (దాన్నే హోమ్ స్టడీ అంటారు), మీ కాగితాలను కారా వాళ్ల కేరింగ్స్ పోర్టల్‌లో పెడతారు. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారైలకు బిడ్డ కోసం ఎదురుచూసే వరుసలో ఇక్కడివాళ్లతో సమాన స్థానం. నీది అమెరికా పాస్‌పోర్టు, అల్లుడిది మనది. మీ జంటను ఏ వరుసలో చూస్తారో మొదటి ఫోన్‌లోనే అడుగు. వయసు సంగతీ చూసుకో. రెండేళ్లలోపు బిడ్డ కావాలంటే భార్యాభర్తల వయసులు కలిపి 85 దాటకూడదు, రెండు నుంచి నాలుగేళ్ల బిడ్డకైతే 90. మీ ఇద్దరివీ కలిపితే ఇప్పుడు 81. ఏడాది గడిస్తే ఆ లెక్క రెండు పెరుగుతుంది. నమోదు రోజు వయసే చూస్తారు కాబట్టి, "వచ్చే ఏడు చూద్దాంలే" అనుకోవద్దు.

పసిబిడ్డే కావాలంటే ఏళ్ల తరబడి ఆగాలి. ఈలోగా ఐ-800ఏ ఆమోదం గడువు 15 నెలలకే అయిపోతుంది, పొడిగింపు కోసం అడగాల్సిన తేదీని ఇద్దరూ ఫోన్‌లో పెట్టుకోండి. కాగితాల వరుస అసలు తప్పకూడదు. బిడ్డ ఖరారయ్యాక ఆ బిడ్డ కోసం అమెరికాలో వేసే ఐ-800 దరఖాస్తుకు తాత్కాలిక ఆమోదం, ఆ తర్వాతే ఇక్కడ అభ్యంతరం లేదని కారా ఇచ్చే ఎన్‌ఓసీ, కలెక్టర్ దత్తత ఉత్తర్వు. 2022 సెప్టెంబర్ నుంచి ఈ ఉత్తర్వులు కోర్టుకు బదులు కలెక్టరే ఇస్తున్నారు. "ముందు ఆర్డర్ తెచ్చేసుకుందాం, అమెరికా పని తర్వాత" అని ఎవరైనా అంటే వినకు.

ఇంత చాదస్తం ఎందుకని అల్లుడికి విసుగు రావచ్చు. 1999లోనూ, మళ్లీ 2001లోనూ హైదరాబాద్‌లో ఏం బయటపడిందో అతనికి చెప్పు. నల్గొండ వైపు తండాల్లో లంబాడీ తల్లుల దగ్గర ఆడశిశువులను కొద్దిపాటి డబ్బుకు కొని, దత్తత పేరుతో విదేశాలకు పంపే దందా అది. ఆ తల్లుల్లో చాలామందికి తాము వేలిముద్ర వేసిన కాగితంలో ఏముందో తెలియదు. ఇవాళ బిడ్డను అప్పగించిన తల్లికి మనసు మార్చుకోవడానికి 60 రోజులు గడువు ఉంది. దత్తతకు చట్టపరంగా అడ్డేమీ లేదని బాలల సంక్షేమ సమితి ప్రకటించాకే ఆ బిడ్డను దత్తతకు ఇస్తారు. మీకు ఆలస్యంగా కనిపించే ఆ రోజులు ఆ తల్లివి. అందుకే, ఫీజులు నిర్ణయించిన దారిలోనే కట్టండి. "త్వరగా చేయిస్తా" అనే మనిషికి రూపాయి కూడా ఇవ్వద్దు.

బిడ్డ వివరాలు వచ్చిన రోజు నీ చేతులు వణుకుతాయి, ముందు ఫొటోనే చూస్తావు. చూడు, తర్వాత ఫొటో పక్కన పెట్టి మెడికల్ రిపోర్టు చదువు. పుట్టినప్పటి బరువు, తల చుట్టుకొలత, అవి ఏయే తేదీల్లో కొలిచారు, హెపటైటిస్ బీ, హెచ్ఐవీ పరీక్షలు ఎప్పుడు చేశారు, ఇవన్నీ చూసి దత్తత పిల్లల్ని చూసే పీడియాట్రీషియన్‌కు పంపు. జవాబుకు గడువు తక్కువ ఉంటుంది కాబట్టి ఆ డాక్టర్‌ను ముందే మాట్లాడి పెట్టుకో. ప్రత్యేక అవసరాలున్న బిడ్డ అనగానే భయపడిపోవద్దు. గ్రహణం మొర్రి, గుండెలో చిన్న రంధ్రం కూడా ఆ జాబితాలోనే ఉంటాయి, ఆపరేషన్‌తో బాగయ్యేవి చాలా ఉన్నాయి. మీ వల్ల కాదనిపిస్తే మాత్రం మొహమాటపడకుండా కాదని చెప్పండి. అది తప్పు కాదు, ఆ బిడ్డకు ఇంకో ఇల్లు దొరుకుతుంది.

బిడ్డ తెలుగే మాట్లాడుతుందని కూడా అనుకోకు. ఒడిశా నుంచి రావచ్చు, మహారాష్ట్ర నుంచి రావచ్చు. ఏ రాష్ట్రమో తెలిసిన రోజే ఆకలి, నొప్పి, బాత్రూమ్, భయం, అమ్మ, ఇంత మట్టుకు ఆ భాషలో నేర్చుకో. శిశుగృహలో పిల్లలంతా ఒకే హాల్లో వరుసగా పడుకుంటారు, లైటు వెలుగుతూనే ఉంటుంది, మధ్యలో ఆయా పడుకుంటుంది. అలా నిద్రపోయిన పిల్లకు నువ్వు ముచ్చటపడి సిద్ధం చేసిన గులాబీ రంగు గదిలో ఒంటరిగా నిద్రెలా పడుతుంది? కొన్ని నెలలు మీ మంచం పక్కనే పరుపు వెయ్యి. ఆయా పేరు, ఆమెతో బిడ్డ ఫొటో అడిగి తీసుకో. వాడిన దుప్పటి ఇస్తే ఉతక్కుండా తెచ్చుకో. ఊహ తెలిసిన పిల్లయితే పేరు మార్చొద్దు.

దత్తత అన్న మాట మొదటి నుంచీ ఇంట్లో మామూలుగా వినిపించాలి. 18 నిండాక తన మూలాల గురించి కారాను అడిగే వీలు బిడ్డకు ఉంది. ఆ రోజు తెరవడానికి ఒక ఫైలు ఇప్పటి నుంచే దాచు. బిడ్డ మీ దగ్గర ఎలా ఉందో రెండేళ్ల పాటు ఏజెన్సీ ఇచ్చే ఆరు రిపోర్టుల కాపీలు కూడా అందులో పెట్టు.

మీ అత్తగారితో నేను మాట్లాడతాను. ఆవిడ మనసు మంచిదే, విషయం తెలియక అన్నారు. ఆ పాప కన్నవాళ్ల దగ్గరే పెరగాలని, చదువుకు కావాలంటే మీరు సాయం చేస్తారని చెబుతాను. ఇది అల్లుడితో కూడా మాట్లాడి నాకు సరేనని చెప్పు. ఈలోగా జాబితాలోంచి రెండు మూడు ఏజెన్సీలకు ఫోన్ చేసి, ఖర్చు మొత్తం రాతపూర్వకంగా అడుగు. వాళ్లు పంపింది నాకు వాట్సాప్‌లో పెట్టు, ఇద్దరం కూర్చుని చూద్దాం.

ప్రేమతో,
మీ పిన్ని