కంటి నరం వాపు తర్వాత ఎంఆర్‌ఐలో 2 మచ్చలు: ఎంఎస్ అని ఎందుకు తేల్చలేదు?

కంటి నరం వాపు తగ్గినా, ఎంఆర్‌ఐలో 2 మచ్చలున్నా మీ చెల్లెలికి ఎంఎస్ (మల్టిపుల్ స్క్లెరోసిస్, రోగనిరోధక వ్యవస్థే మెదడు, వెన్నుపాము నరాల పొరను దెబ్బతీసే జబ్బు) అని డాక్టర్ తేల్చకపోవడానికి కారణం చాలావరకు ఇదే: ఒక్క స్కాన్ అంటే ఒక్క రోజు ఫొటో. ఎంఎస్ అనాలంటే నరాలకు దెబ్బ వేర్వేరు చోట్ల, సాధారణంగా వేర్వేరు సమయాల్లో తగిలినట్టు కనబడాలి.

మచ్చలుంటే రిస్క్ ఎక్కువే, దాచను. అమెరికాలో ఇలాంటి కంటి రోగులను 15 ఏళ్లు గమనిస్తే, మొదటి ఎంఆర్‌ఐలో మచ్చల్లేనివారిలో 25 శాతం, ఒకటైనా ఉన్నవారిలో 72 శాతం మందికి ఎంఎస్ వచ్చింది. మచ్చలున్నా రానివాళ్లూ ఉన్నారు కదా.

1. వెన్నుపాము ఎంఆర్‌ఐ కూడా తీశారా అడగండి.

2. స్కాన్‌కు కాంట్రాస్ట్ (నరంలోకి ఎక్కించే రంగు మందు) ఇచ్చారా? కొత్త మచ్చ మెరుస్తుంది, పాతది మెరవదు. ఒకే స్కాన్‌లో రెండు రకాలూ ఉంటే అది వేర్వేరు సమయాలకు సాక్ష్యమే.

3. అందరూ మరిచేది మొదటి స్కాన్ సీడీ. రిపోర్ట్ కాగితం చాలదు. 'కొన్ని మచ్చలు' అని రాస్తే కొత్తది ఏదో ఎలా తెలుస్తుంది? ఈరోజే సెంటర్‌కు వెళ్లి సీడీ తీసుకోండి, ఒక కాపీ కంప్యూటర్‌లో పెట్టుకోండి. తర్వాతి స్కాన్ వీలైతే అదే మెషీన్‌లో తీయించి, పాత సీడీతో పోల్చి చూడమని రేడియాలజిస్ట్‌ను అడగండి.

4. ఆక్వాపోరిన్-4, మాగ్ (MOG) యాంటీబాడీ రక్త పరీక్షలు అవసరమా అని అడగండి. ఈ పరీక్షల్లో బయటపడే జబ్బులు ఎంఎస్‌లా కనిపిస్తాయి, మందులు వేరు.

ఈలోగా కాళ్లు తిమ్మిరెక్కినా, చూపు మళ్లీ మసకబారినా స్కాన్ తేదీ దాకా ఆగకండి, వెంటనే న్యూరాలజిస్ట్‌కు చూపించండి.