డాల్ఫిన్ దవడతో వింటుందండీ, నేను తెడ్డుతో విన్నట్టు

బయటకి చెవులే కనపడవు, నోరు తెరవదు, మరి డాల్ఫిన్ ఎలా అరుస్తుంది ఎలా వింటుంది అని అడిగారు కదా. మాది కళింగపట్నం దగ్గర ఊరండీ, చిన్నప్పుడు తాతతో తెప్ప మీద వేటకెళ్ళేవాణ్ణి, ఒకరోజు వల వేసి కూర్చుంటే నాలుగైదు డాల్ఫిన్లు దగ్గరకొచ్చాయి, తాత తెడ్డు నీళ్ళలోకి నిలువుగా దింపి "ఒరే గుంటడా, కర్రకి దవడ ఆనించి ఇను" అన్నాడు. ఆనించాను. టిక్ టిక్ టిక్, పాత తలుపు కిర్రుమన్నట్టు, మధ్యలో సన్నటి ఈల! దవడ తీసేస్తే ఏమీ లేదు, ఉత్త అలల చప్పుడే.

డాల్ఫిన్ వినేది కూడా దవడతోనే. కింది దవడ వెనకవైపు బోలుగా ఉంటుంది, దాన్నిండా ఒక రకం కొవ్వు, శబ్దం అందులోంచి లోపలి చెవికి పోతుంది. 1960ల్లో కెన్నెత్ నోరిస్ అనే అమెరికా సైంటిస్టు ఈ మాట చెప్పాడు. అరవడమేమో ముక్కుతో. తలమీది రంధ్రం కింద పెదాల్లాంటి మడతలుంటాయి, గాలి తోస్తే అవి టపటపా కొట్టుకుంటాయి, ఆ శబ్దాన్ని నుదుట్లో ఉండే మెలన్ అనే కొవ్వుముద్ద టార్చిలైటులా ముందుకి పంపిస్తుంది. చేపకి తగిలి తిరిగొచ్చిన చప్పుడుని బట్టి అది ఎక్కడుందో తెలుస్తుంది, దగ్గరకెళ్ళేకొద్దీ టిక్ టిక్‌లు కలిసిపోయి బుర్రుమంటాయి, నాకు కిర్రుమని వినపడింది అదేనని ఇప్పుడనిపిస్తుంది. 1,00,000 హెర్ట్జ్ (అంటే సెకనుకి అన్ని అదురులు) దాటినా వింటాయవి, మనం 20,000 దగ్గరే ఆగిపోతాం.

పళ్ళులేని పెద్ద తిమింగలాల పద్ధతి వేరు, వాటిది గొంతే. నీలి తిమింగలం కూత మరీ కిందిస్థాయి బొంగురు శబ్దం, చాలావరకు మన చెవికి అందదు కూడా. ఆ గొంతులో ఒక మడత కొవ్వుదిండుకి ఆనుకుని అదురుతుందని 2024లో డెన్మార్క్ వాళ్ళు చూపించారు, పైగా ఆ కూతలూ ఓడల రొదా ఒకే శ్రుతిలో ఉండి కూతలు ఆ రొదలో మునిగిపోతాయట, అది చదివి నిజంగా బాధేసింది నాకు.

ఇంకొకటి, వంశధార మొగ దగ్గర మునిగినప్పుడల్లా బోటు ఇంజిను గట్టిగా వినపడేది కానీ ఎటునుంచో తెలిసేది కాదు. నీళ్ళలో శబ్దం సెకనుకి 1500 మీటర్లు పోతుంది, గాలిలోకన్నా నాలుగు రెట్లపైనే, అందుకని రెండు చెవులకీ ఇంచుమించు ఒకేసారి చేరుతుంది, పైగా మన పుర్రె మొత్తం అదిరిపోతుంది. డాల్ఫిన్ చెవి ఎముకలు పుర్రెకి అతుక్కోకుండా చుట్టూ గాలి నురగతో విడిగా ఉంటాయి, అందుకే ఎటునుంచి వచ్చిందో దానికి తెలుస్తుంది.